వేరియబుల్ స్కోప్ అంటే ఏమిటి? పేరు ఒకటే, విలువ వేరు: ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థుల కోసం

నెల్లూరు నగరంలో ‘ఆత్మకూరు బస్టాండు’ ఉంది. అది ఆత్మకూరులో లేదు, నెల్లూరులోనే ఉంది. ఆత్మకూరు ఊళ్లోకి వెళ్లి ‘బస్టాండు ఎక్కడ?’ అని అడిగితే మాత్రం అక్కడివాళ్లు తమ ఊరి బస్టాండునే చూపిస్తారు. అదే మనిషి కర్నూలు వెళ్లి ‘ఆత్మకూరు బస్సు ఏది?’ అని అడిగాడనుకోండి, నల్లమల అంచున ఉన్న నంద్యాల జిల్లా ఆత్మకూరు బస్సు ఎక్కిస్తారు. అనంతపురం జిల్లాలో ఇంకో ఆత్మకూరు ఉంది. తెలంగాణలో వనపర్తి జిల్లాలో ఒకటి, హనుమకొండ జిల్లాలో ఒకటి ఉన్నాయి. పేరు ఒకటే. ఎక్కడ నిలబడి అడుగుతున్నాం అన్నదాన్ని బట్టి ఊరు మారిపోతుంది.

ఉదయగిరి సంగతీ అంతే. భువనేశ్వర్ పక్కన ఉదయగిరి గుహలున్నాయి. మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గర కూడా ఉదయగిరి ఉంది. ఒడిశా గజపతుల చరిత్ర చదివే విద్యార్థికి ‘ఉదయగిరి కోట’ అనే మాట కనిపిస్తే అది ఒడిశాలోనే ఉందనుకునే ప్రమాదం ఉంది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట మన నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండ మీదిది. పేరును దాని పరిధి నుంచి బయటికి తీస్తే అర్థం మారిపోతుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ప్రోగ్రామింగ్‌లో ‘వేరియబుల్ స్కోప్’ అంటే సరిగ్గా ఇదే. తెలుగులో పరిధి అనొచ్చు, ఉర్దూలో దాయిరా అనొచ్చు. ఒక పేరు ప్రోగ్రాంలో ఎక్కడి నుంచి ఎక్కడి వరకు చెల్లుతుంది, ఒకే పేరు రెండు చోట్ల ఉంటే కంప్యూటర్ దేన్ని తీసుకుంటుంది అనే నియమాలకే స్కోప్ అని పేరు. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్, బీఎస్సీ, బీటెక్ ఏది చదివినా మొదటి ఏడాదిలోనే ఈ పాఠం వస్తుంది. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లోనూ దీని మీద ప్రశ్న తప్పకుండా తగులుతుంది. చాలామంది నిర్వచనం బట్టీ పట్టి వెళ్తారు. ‘ఈ ప్రోగ్రాం ఏం ప్రింట్ చేస్తుంది?’ అని నాలుగు లైన్లు ముందు పెట్టగానే తడబడతారు. అసలు నష్టం మార్కుల్లో కాదు, లెక్కల్లో వస్తుంది. స్కోప్ తప్పితే ఒకరి సొమ్ము ఇంకొకరి ఖాతాలో పడుతుంది, కంప్యూటర్ మాత్రం ఏ హెచ్చరికా ఇవ్వదు.

ముందుగా ఒక మాట. కింద ఉన్న ప్రోగ్రాములు పైథాన్ భాషలోవి. చదవడానికి వీలుగా అన్నీ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు డెఫ్, రిటర్న్, గ్లోబల్, ఫర్ లాంటి కీవర్డులు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. వేరియబుల్ పేర్లను మాత్రం పైథాన్ 3లో తెలుగులోనే పెట్టుకోవచ్చు, అది ఒప్పుకుంటుంది.

లోకల్, గ్లోబల్

వేరియబుల్ అంటే విలువ దాచుకునే చోటికి పెట్టిన పేరు. డబ్బాలో పంచదార పోసి మీద చీటీ అంటించినట్టు. ఆ చీటీని ఎవరు చదవగలరన్నదే స్కోప్.

ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు అందరికీ తెలుసు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ హస్తకళ మీద ఊళ్లో ఎన్నో ముస్లిం కుటుంబాలు ఆధారపడ్డాయి, పనిచేసేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. ఒక్కో గరిటెకు ఇంత అని కూలి లెక్కగట్టే ప్రోగ్రాం రాయాలనుకుందాం. రేటు 12 రూపాయలు అనేది ఉదాహరణ కోసమే.

    రేటు = 12

    డెఫ్ కూలి(గరిటెలు):
        మొత్తం = గరిటెలు * రేటు
        రిటర్న్ మొత్తం

    ప్రింట్(కూలి(25))
    ప్రింట్(మొత్తం)

మొదటి ప్రింట్ 300 చూపిస్తుంది. రెండో ప్రింట్ దగ్గర ప్రోగ్రాం ‘నేమ్ ఎర్రర్’ ఇచ్చి ఆగిపోతుంది. ‘మొత్తం’ అనే పేరు ‘కూలి’ అనే ఫంక్షన్ లోపల పుట్టింది. ఫంక్షన్ పని అయిపోగానే ఆ పేరు కూడా పోయింది. బయటివాళ్లకు అది కనిపించదు. దీన్నే లోకల్ వేరియబుల్ అంటారు. ‘రేటు’ ఏ ఫంక్షన్‌లోనూ లేదు, ఫైలు మొదట్లో ఉంది. అందుకే ఫంక్షన్ లోపలి నుంచి కూడా దాన్ని చదవగలిగాం. అది గ్లోబల్ వేరియబుల్.

ఇళ్లలో ఇది రోజూ జరిగేదే. ఏ ఇంట్లో పిల్లలు ‘అబ్బా’ అని పిలిచినా ఆ ఇంటి తండ్రే పలుకుతారు. పక్కింట్లోనూ అదే పిలుపు ఉన్నా గొడవ రాదు. ఆ పిలుపు ప్రతి ఇంటికీ లోకల్. ‘ఇమాం సాబ్’ అంటే మాత్రం ఆ వీధిలో ఏ ఇంట్లో నుంచి పిలిచినా ఒకే మనిషి. అది వీధి మొత్తానికి గ్లోబల్. వీధి దాటితే ఇమాం సాబ్ కూడా మారిపోతారు. అంటే గ్లోబల్ అన్నదానికీ ఒక హద్దు ఉంది. పైథాన్‌లో ఆ హద్దు ఒక ఫైలు. ఒక ఫైలులోని గ్లోబల్ పేరు ఇంకో ఫైలుకు దానంతట అది తెలియదు, ఇంపోర్ట్ చేసుకోవాల్సిందే.

పేరు వెతికే వరస

పైథాన్‌కు ఒక పేరు కనబడితే నాలుగు చోట్ల వరసగా వెతుకుతుంది. మొదట ఇప్పుడు నడుస్తున్న ఫంక్షన్ లోపల. అక్కడ లేకపోతే ఆ ఫంక్షన్‌ను చుట్టి ఉన్న పై ఫంక్షన్‌లో. అక్కడా లేకపోతే ఫైలులోని గ్లోబల్ పేర్లలో. చివరగా పైథాన్‌తో పాటు వచ్చే సమ్, లిస్ట్, మ్యాక్స్ లాంటి బిల్టిన్ పేర్లలో. ఎక్కడ ముందు దొరికితే అక్కడే ఆగుతుంది. ఎక్కడా దొరక్కపోతే నేమ్ ఎర్రర్.

ఇందులోనే ఒక చిక్కు ఉంది. దగ్గర ఉన్న పేరు దూరంగా ఉన్న పేరును కప్పేస్తుంది. దీన్ని షాడోయింగ్ అంటారు, అంటే నీడ పడటం. ఆత్మకూరులో నిలబడి ‘బస్టాండు’ అన్నప్పుడు నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండు ఎవరికీ గుర్తురానట్టే. విద్యార్థులు చేసే మామూలు తప్పు ఏమిటంటే, కూడిక ఫలితాన్ని ‘సమ్’ అనే పేరులోనే పెట్టడం. కూడిక చేసే బిల్టిన్ ఫంక్షన్ పేరు కూడా సమ్. ఒకసారి సమ్ = 300 అని రాశాక ఆ ఫైలులో సమ్ అంటే 300 అనే అంకె మాత్రమే. కింద ఎక్కడైనా కూడిక కోసం సమ్‌ను పిలిస్తే, అంకెను ఫంక్షన్‌లా పిలవలేమని ఎర్రర్ వస్తుంది. ఫంక్షన్ ఎక్కడికీ పోలేదు, మన పేరు నీడలో ఉండిపోయింది.

పరీక్షల్లో ఎక్కువగా పట్టుకునే తప్పు

కింది నాలుగు లైన్లు చూడండి.

    జమ = 0

    డెఫ్ జమచేయి(సొమ్ము):
        జమ = జమ + సొమ్ము

    జమచేయి(500)

చాలామంది జవాబు 500 అంటారు. అసలు జవాబు ‘అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్’. పైన జమ = 0 అని ఉంది కదా, ఎర్రర్ ఎందుకు?

పైథాన్ ఒక ఫంక్షన్‌ను నడిపే ముందే దాన్నంతా ఒకసారి చూసుకుంటుంది. ఫంక్షన్‌లో ఎక్కడైనా ఒక పేరుకు విలువ ఇస్తున్నట్టు కనిపిస్తే, ఆ ఫంక్షన్ మొత్తానికి ఆ పేరును లోకల్ అని రాసేసుకుంటుంది. ఇక్కడ ‘జమ =’ అని ఉంది కాబట్టి జమ లోకల్ అయిపోయింది. ఫంక్షన్ నడిచేటప్పుడు కుడి వైపున ‘జమ + సొమ్ము’ లెక్క మొదట జరగాలి. అప్పటికి లోకల్ జమలో ఏ విలువా లేదు. బయట ఉన్న 0ను చూడదు, ఎందుకంటే లోకల్ అని ముందే తేల్చేసింది.

దీనికి మందు రెండు రకాలు. ఫంక్షన్ మొదట్లో ‘గ్లోబల్ జమ’ అని రాయడం ఒకటి. బయటి విలువను లోపలికి పంపి, కొత్త విలువను రిటర్న్‌తో బయటికి తెచ్చుకోవడం రెండోది. మొదటిది సులువు. రెండోది మంచిది. ఎందుకు మంచిదో ఒక మసీదు లెక్క చూస్తే తెలుస్తుంది.

అంతా ఒకే గల్లాపెట్టెలో వేస్తే

ఒక మసీదు కమిటీకి ప్రోగ్రాం రాశారనుకుందాం. రంజాన్‌లో జకాత్ వస్తుంది, నెలనెలా చందా వస్తుంది. రాసినవాళ్లు ‘నిధి’ అనే ఒకే గ్లోబల్ వేరియబుల్ పెట్టారు. జకాత్ జమ చేసే ఫంక్షన్, చందా జమ చేసే ఫంక్షన్, ఖర్చు రాసే ఫంక్షన్ మూడూ ‘గ్లోబల్ నిధి’ అని రాసి దాన్నే మారుస్తున్నాయి.

జకాత్ 10,000 వచ్చింది. చందా 4,000 వచ్చింది. నిధి 14,000. కరెంటు బిల్లు 6,000 కట్టారు. మిగిలింది 8,000. పెట్టెలో డబ్బు లెక్కపెడితే 8,000 ఉంది. క్యాష్ బుక్ టాలీ అయింది. ప్రోగ్రాంలో ఎర్రర్ లేదు. కాని చందా 4,000 మాత్రమే ఉంటే బిల్లు 6,000 ఎలా కట్టారు? మిగతా 2,000 జకాత్‌లోంచి పోయింది. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్‌ఆన్ ఎనిమిది వర్గాలను చెప్పింది. మసీదు కరెంటు బిల్లుకు జకాత్ సొమ్ము వాడకూడదన్నది ఫిఖహ్ పండితుల్లో ఎక్కువమంది మాట. అంకెల్లో తప్పు లేదు, అమానత్‌లో తప్పు జరిగింది.

గ్లోబల్ వేరియబుల్‌తో అసలు ప్రమాదం ఇదే. ఎవరైనా మార్చొచ్చు, ఎవరు మార్చారో పట్టుకోవడం కష్టం. ప్రోగ్రాం యాభై లైన్లున్నప్పుడు ఫరవాలేదు. అయిదు వేల లైన్లయ్యాక నిధిని ఏ మూల ఏ ఫంక్షన్ తగ్గించిందో వెతకడానికే రోజులు పడతాయి.

సరైన పద్ధతిలో ఏ నిధి ఆ నిధికే ఉండాలి. పైథాన్‌లో దీన్ని క్లాసుతో రాయొచ్చు.

    క్లాస్ ఖాతా:
        డెఫ్ __ఇనిట్__(సెల్ఫ్):
            సెల్ఫ్.మిగులు = 0

        డెఫ్ జమ(సెల్ఫ్, సొమ్ము):
            సెల్ఫ్.మిగులు = సెల్ఫ్.మిగులు + సొమ్ము

        డెఫ్ ఖర్చు(సెల్ఫ్, సొమ్ము):
            ఇఫ్ సొమ్ము > సెల్ఫ్.మిగులు:
                రెయిజ్ వాల్యూఎర్రర్("ఈ ఖాతాలో సరిపడా సొమ్ము లేదు")
            సెల్ఫ్.మిగులు = సెల్ఫ్.మిగులు - సొమ్ము

    జకాత్ = ఖాతా()
    చందా = ఖాతా()

ఇప్పుడు జకాత్.జమ(10000), చందా.జమ(4000) అని రాసి, చందా.ఖర్చు(6000) అన్నామంటే ప్రోగ్రాం అక్కడే ఆగి ‘సరిపడా సొమ్ము లేదు’ అంటుంది. ‘మిగులు’ అనే పేరు రెండు ఖాతాల్లోనూ ఉంది. ఒకదాని మిగులు ఇంకొకదానికి తగలదు. ఖచ్చితంగా చెప్పాలంటే ఇది స్కోప్ పాఠం కాదు, దాని పక్కనే ఉండే ఆబ్జెక్టుల పాఠం. రెండింటి ఉద్దేశం ఒకటే, ఎవరి విలువ వారి హద్దులో ఉండాలి. కామర్స్ చదివినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. హెడ్డాఫీసు పుస్తకాలు వేరు, బ్రాంచి పుస్తకాలు వేరు అని శాఖా ఖాతాల పాఠంలో చదివిందే.

ఎర్రర్ రాని తప్పు

ఎర్రర్ వచ్చే తప్పు అదృష్టం కిందే లెక్క. రాని తప్పే ప్రమాదం. గరిటెల కూలి లెక్కకే మళ్లీ వద్దాం. ముగ్గురు పనివాళ్లు. వారం మొత్తం మీద మొదటివారికి 300, రెండోవారికి 450, మూడోవారికి 200 రూపాయలు రావాలి. ప్రోగ్రాం ఇలా ఉంది.

    మొత్తం = 0
    ఫర్ మనిషి ఇన్ పనివాళ్లు:
        ఫర్ రోజుకూలి ఇన్ మనిషి:
            మొత్తం = మొత్తం + రోజుకూలి
        ప్రింట్(మొత్తం)

ఇది 300, 750, 950 అని చూపిస్తుంది. మొదటి లెక్క సరిగ్గా ఉంది కాబట్టి చాలామంది అక్కడితో పరీక్షించడం ఆపేస్తారు. రెండోవారి కూలిలో మొదటివారిది కలిసింది, మూడోవారి దాంట్లో ఇద్దరిదీ కలిసింది. ‘మొత్తం = 0’ అనే లైను బయటి లూపు లోపల ఉండాలి, బయట ఉండిపోయింది. చెల్లింపు రోజున ఎవరో ఒకరు గొడవ పడేదాకా ఇది బయటపడదు.

సి, జావా భాషల్లో అయితే మొత్తాన్ని లూపు బ్లాకు లోపల, సున్నా విలువతో ప్రకటిస్తే ప్రతి మనిషికీ కొత్తగా మొదలవుతుంది. బ్లాకు దాటితే ఆ పేరే ఉండదు కాబట్టి పొరపాటున బయట వాడే అవకాశమూ లేదు. దీన్ని బ్లాక్ స్కోప్ అంటారు. పైథాన్‌లో ఇఫ్, ఫర్, వైల్ బ్లాకులకు సొంత స్కోప్ లేదు. లూపు అయిపోయాక కూడా లూపు వేరియబుల్ చివరి విలువతో బతికే ఉంటుంది. కాబట్టి పైథాన్‌లో దీనికి నమ్మకమైన మందు, ఒక మనిషి కూలి లెక్కను ఒక ఫంక్షన్‌గా విడదీయడం. ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ లోకల్ వేరియబుల్ కొత్తగా పుడుతుంది. పాత లెక్క అంటుకునే దారే ఉండదు.

30 లక్షల సర్టిఫికెట్ల తప్పు

ఇలాంటి తప్పులు కాలేజీ ల్యాబ్‌లోనే జరుగుతాయనుకోవద్దు. వెబ్‌సైట్లకు ఉచితంగా భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ అనే సంస్థ ఉంది. కొన్ని బ్రౌజర్లలో అడ్రసు ముందు తాళం గుర్తు పడేది ఇలాంటి సర్టిఫికెట్ వల్లే. 2020 ఫిబ్రవరి 29న ఈ సంస్థ తమ సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పు కనుక్కుంది. ఒకే సర్టిఫికెట్‌లో పది వెబ్‌సైట్ పేర్లు ఉంటే, పదింటినీ మళ్లీ తనిఖీ చేయాల్సిన చోట ఒకే పేరును పదిసార్లు తనిఖీ చేస్తోంది. దీని ప్రభావం పడ్డ సర్టిఫికెట్లు 30,48,289. గడువులోపు ఎన్నో లక్షల సర్టిఫికెట్లు రద్దు చేయాల్సి వచ్చింది. ప్రపంచమంతా వెబ్‌సైట్లు నడిపేవాళ్లు రాత్రికి రాత్రి కొత్తవి తెచ్చుకోవడానికి పరుగులు పెట్టారు.

కారణం లూపు వేరియబుల్ స్కోప్. ఆ సాఫ్ట్‌వేర్ గో అనే భాషలో రాసింది. అప్పట్లో గో భాషలో లూపు ఎన్నిసార్లు తిరిగినా లూపు వేరియబుల్ ఒక్కటే ఉండేది, విలువ మాత్రం మారుతూ ఉండేది. ఆ వేరియబుల్ విలువను కాకుండా దాని చిరునామాను దాచుకుంటే, దాచుకున్న అన్నీ ఒకే చోటును చూపిస్తాయి. పదిమందికి పది చీటీలు ఇస్తున్నామనుకుని ఒకే పలక మీద పదిసార్లు చెరిపి రాసి, ఆ పలకనే అందరికీ చూపించినట్టు. చివరికి పలక మీద ఉండేది ఆఖరి పేరే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన గో 1.22 నుంచి ఈ నియమాన్నే మార్చేశారు. ఇప్పుడు లూపు తిరిగిన ప్రతిసారీ కొత్త వేరియబుల్ పుడుతుంది.

జావాస్క్రిప్ట్‌లో ఇదే చిక్కు ఏళ్ల తరబడి నడిచింది. ‘వార్’ అనే కీవర్డుతో పెట్టిన వేరియబుల్‌కు బ్లాక్ స్కోప్ లేదు, ఫంక్షన్ స్కోప్ మాత్రమే. 0, 1, 2 అని మూడుసార్లు తిరిగే లూపులో, కాసేపాగి అంకెను ప్రింట్ చేయమని చెబితే 3, 3, 3 అని వస్తుంది. ప్రింట్ జరిగే వేళకు లూపు అయిపోయి విలువ 3కు చేరి ఉంటుంది. 2015లో వచ్చిన ‘లెట్’ కీవర్డుతో ఇది తీరింది. లెట్ పెడితే 0, 1, 2 వస్తాయి. ఇంటర్వ్యూల్లో ఈ రెండింటి తేడా అడగనివాళ్లు అరుదు.

స్కోప్ వేరు, ఆయుష్షు వేరు

విద్యార్థులు కలిపేసుకునే రెండు విషయాలివి. పేరు ఎక్కడ కనిపిస్తుందన్నది స్కోప్. విలువ ఎంతసేపు బతుకుతుందన్నది ఆయుష్షు, పుస్తకాల్లో లైఫ్‌టైమ్ అంటారు. మామూలు లోకల్ వేరియబుల్‌కు రెండూ ఒకేసారి ముగుస్తాయి కాబట్టి తేడా తెలియదు.

సి భాషలో ‘స్టాటిక్’ అనే మాట ఈ తేడాను చూపిస్తుంది. రసీదు నంబరు ఇచ్చే ఫంక్షన్ ఒకటి రాయాలి. పిలిచిన ప్రతిసారీ ముందటి నంబరు కంటే ఒకటి ఎక్కువ ఇవ్వాలి. మామూలు లోకల్ వేరియబుల్ పెడితే ప్రతిసారీ 1 అనే వస్తుంది. గ్లోబల్ పెడితే ఎవరైనా మార్చేయొచ్చు. ఫంక్షన్ లోపలే స్టాటిక్ అని పెడితే పేరు ఆ ఫంక్షన్‌కే కనిపిస్తుంది, విలువ మాత్రం ప్రోగ్రాం ముగిసేదాకా నిలిచి ఉంటుంది. స్కోప్ చిన్నది, ఆయుష్షు పెద్దది అన్నమాట.

సి భాషలోనే ఇంకో మార్కుల ప్రశ్న. విలువ ఇవ్వకుండా వదిలేస్తే గ్లోబల్, స్టాటిక్ వేరియబుల్స్ సున్నాతో మొదలవుతాయి. మామూలు లోకల్ వేరియబుల్‌లో మాత్రం ఏ చెత్త అయినా ఉండొచ్చు, దాన్ని నమ్మి లెక్క చేయకూడదు. జావాలో అయితే విలువ ఇవ్వని లోకల్ వేరియబుల్‌ను వాడితే కంపైలరే ఒప్పుకోదు.

ఏ భాషకు ఏ నియమం

నియమాలు భాష భాషకూ మారతాయి. ఒక భాషలో నేర్చుకున్నది ఇంకో భాషకు అలాగే అతికించకూడదు.

సి, జావా: బ్లాక్ స్కోప్ ఉంది. లోపలి బ్లాకులో అదే పేరుతో ఇంకో లోకల్ వేరియబుల్ పెట్టడానికి సి ఒప్పుకుంటుంది. ఒకే మెథడ్ లోపల జావా ఒప్పుకోదు.

పైథాన్: ఫంక్షన్ స్కోప్ ఉంది, ఇఫ్, ఫర్‌లకు బ్లాక్ స్కోప్ లేదు. గ్లోబల్ పేరును లోపలి నుంచి చదవొచ్చు, మార్చాలంటే ‘గ్లోబల్’ అని చెప్పాలి. చుట్టి ఉన్న పై ఫంక్షన్‌లోని పేరును మార్చాలంటే ‘నాన్‌లోకల్’ అని చెప్పాలి. ఇది పైథాన్ 3తో వచ్చింది.

పీహెచ్‌పీ: ఇక్కడ ఫంక్షన్ లోపల గ్లోబల్ పేరును చదవాలన్నా ‘గ్లోబల్’ అని రాయాల్సిందే. పైథాన్ అలవాటైనవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

జావాస్క్రిప్ట్: లెట్, కాన్స్ట్ పెడితే బ్లాక్ స్కోప్. వార్ పెడితే ఫంక్షన్ స్కోప్. అసలేమీ పెట్టకుండా పేరుకు విలువ ఇచ్చేస్తే, స్ట్రిక్ట్ మోడ్ లేనప్పుడు అది చప్పుడు లేకుండా గ్లోబల్ అయిపోతుంది.

ఈ నియమాల వెనక పాత కథ ఉంది. బిగిన్, ఎండ్ మధ్య ఉన్న పేరు అక్కడికే పరిమితం అనే బ్లాకు పద్ధతి 1960 నాటి ఆల్గాల్ 60 భాషతో స్థిరపడింది. తర్వాత వచ్చిన ఎన్నో భాషలు దాన్నే పట్టుకున్నాయి. మొదటి లిస్ప్ భాషల్లో మాత్రం, ఫంక్షన్‌ను ఎవరు పిలిచారో చూసి, పిలిచినవాళ్ల దగ్గరున్న విలువను తీసుకునేవి. దీన్ని డైనమిక్ స్కోప్ అంటారు. ఫంక్షన్ ఎక్కడ రాసి ఉందో చూసి పేరు తేల్చడం లెక్సికల్ స్కోప్. 1975లో వచ్చిన స్కీమ్ అనే భాష లిస్ప్ కుటుంబంలోకి లెక్సికల్ స్కోప్‌ను తెచ్చింది. ఇవాళ వాడే భాషల్లో ఎక్కువ భాగం లెక్సికల్‌వే. దీనివల్ల మేలు ఏమిటంటే, ప్రోగ్రాంను నడపకుండానే, కాగితం మీద చదివి ఏ పేరు దేనిదో చెప్పొచ్చు. పరీక్షలో పెన్నుతో జవాబు రాయగలుగుతున్నామంటే దీని పుణ్యమే.

ఎక్సెల్‌లోనూ ఉంది

ప్రోగ్రామింగ్ జోలికే వెళ్లని అకౌంట్స్ ఉద్యోగులకు కూడా స్కోప్ తగులుతుంది. ఎక్సెల్‌లో ఒక సెల్‌కు ‘పన్నురేటు’ అని పేరు పెట్టుకోవచ్చు. నేమ్ మేనేజర్ తెరిచి చూస్తే అక్కడ ‘స్కోప్’ అనే కాలమే ఉంటుంది. ఆ పేరు వర్క్‌బుక్ మొత్తానికా, ఒక్క షీటుకేనా అని అది చెబుతుంది. ఒకే పేరు రెండు విధాలా ఉంటే, ఆ షీటులో షీటు పేరుదే పైచేయి. ఇదీ షాడోయింగే.

ఒక షీటును అదే ఫైలులో కాపీ చేసినప్పుడు, ఆ షీటులోని సెల్‌కు పెట్టిన వర్క్‌బుక్ పేరు కొత్త షీటులో షీటు స్కోప్‌తో ఇంకొకటిగా పుట్టవచ్చు. తర్వాత అసలు చోట రేటు మార్చితే కాపీ షీటులో పాత రేటే మిగిలిపోతుంది. నెలనెలా షీటును కాపీ చేసుకుని బిల్లులు వేసేవాళ్లు ఏడాదికి ఒకసారైనా నేమ్ మేనేజర్ తెరిచి చూసుకోవడం మంచిది.

ఎక్సెల్ మాక్రోలు రాసేవాళ్లకు ఇంకో జాగ్రత్త. పైన ‘ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్’ అనే లైను లేకపోతే, పేరులో ఒక్క అక్షరం తప్పు కొట్టినా అది ఖాళీ విలువతో కొత్త వేరియబుల్‌గా పుట్టేస్తుంది. లెక్క తప్పుతుంది, ఎర్రర్ రాదు. ఆ ఒక్క లైను పెడితే తప్పు వెంటనే బయటపడుతుంది.

గుర్తుంచుకోవాల్సినవి

1. వేరియబుల్‌ను వాడే చోటికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పుట్టించండి. స్కోప్ ఎంత చిన్నదైతే వెతికే పని అంత తగ్గుతుంది.

2. ఫంక్షన్‌కు కావలసింది పారామీటరుగా ఇవ్వండి, వచ్చేది రిటర్న్‌తో తీసుకోండి. గ్లోబల్‌ను లోపలి నుంచి మార్చడం ఆఖరి దారి.

3. మారని విలువలను, అంటే రేటు, శాతం లాంటివాటిని గ్లోబల్‌గా పెట్టుకోవడంలో తప్పు లేదు. ఇబ్బంది మారే గ్లోబల్స్‌తోనే.

4. సమ్, లిస్ట్, మ్యాక్స్ లాంటి బిల్టిన్ పేర్లు మీ వేరియబుల్స్‌కు పెట్టకండి.

5. లూపు ఉన్న ప్రోగ్రాంను ఒక్కరి లెక్కతో పరీక్షించి వదిలేయకండి. కనీసం ముగ్గురి లెక్క వేయండి. స్కోప్ తప్పు రెండోవారి దగ్గరే బయటపడుతుంది.

6. ప్రోగ్రాం చదివేటప్పుడు ప్రతి పేరు దగ్గరా ఆగి ‘ఇది ఎక్కడ పుట్టింది?’ అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ముందుకు వెళ్లకండి.

ఇంట్లో కంప్యూటర్ లేదని ఆగిపోనక్కర్లేదు. పైథాన్ ప్రోగ్రాములు ఫోన్‌లోనూ నడుస్తాయి, బ్రౌజరులోనే నడిపే ఉచిత సైట్లూ ఉన్నాయి. పైన ఉన్న గరిటెల కూలి ప్రోగ్రాంను ముందు తప్పుగానే కొట్టి నడపండి. 300, 750, 950 వస్తుంది. తర్వాత ‘మొత్తం = 0’ అనే ఒక్క లైనును బయటి లూపు లోపలికి జరపండి. 300, 450, 200 వస్తుంది. లైను ఒక్కటే, అందులో అక్షరం కూడా మారలేదు. అది ఉన్న చోటు మారింది, ముగ్గురికీ రావాల్సిన కూలి వచ్చింది.